హిబాచీ కాని హిబాచీ, నిలువయుండని సుషీ

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఏ మోస్తరు పట్టణమునందైనను జపాను భోజనశాలలోనికి పోయినవారికి తరచుగా రెండు వేర్వేరు లోకములు కనబడును. ఒక ప్రక్క గాజుపెట్టెలో చల్లని చేపముక్కలు, వాని వెనుక మాటలాడక అన్నపుముద్దలు చేయు వంటవాడు. వేరొక ప్రక్క బల్లకే అమర్చిన వేడి ఇనుపరేకు, దానిమీద చుంయిమను మాంసము, గరిటెలు ఎగురవేసి నవ్వించు వంటవాడు. మొదటిది సుషీ; రెండవదానిని అక్కడివారు హిబాచీ అందురు. ఒకే ఇంటివారు ఒకే రాత్రి అక్కడ భుజించి వచ్చి, ఒకరు అద్భుతమనియు, ఒకరు అన్నము బిరుసెక్కినదనియు, ఇంకొకరు చాలసేపు కాచుకొనవలసి వచ్చినదనియు చెప్పుట సామాన్యము. వంటవాని నేర్పు ఇందుకు కొంత కారణమే. కాని ఆ రెండు వంటల చరిత్ర తెలిసిననేగాని ఈ భిన్నాభిప్రాయములు పూర్తిగా బోధపడవు.

సుషీ యనగా పచ్చిచేప యని పలువురి తలంపు. నిజమున కా మాట పులుపునకు సంబంధించినది. ఇది రుచికొరకు పుట్టిన వంటయు కాదు. చేపను చెడకుండ దాచుకొను ఉపాయము. ఆగ్నేయాసియాలో వరి పండించు నదీతీర ప్రజలయొద్ద ఇది పుట్టి తూర్పునకు ప్రయాణించియుండునని పండితుల అభిప్రాయము. జపానులో 718లో కూర్చబడిన యోరో శాసనసంహితలో పన్నుగా చెల్లించు వస్తువుల నడుమ దీని ప్రసక్తి కలదు. ఆ పాతపద్ధతి బివా సరస్సు తీరమున ఫునాజుషీ యను పేర నేటికిని నిలిచియున్నది. చేపను శుభ్రపరచి, నెలల తరబడి ఉప్పులో నుంచి, పిమ్మట ఉడికిన అన్నముతో తొట్లలో దట్టించి పైన బరువు పెట్టుదురు. అన్నములోని పిండిపదార్థమును సూక్ష్మజీవులు లాక్టిక్ ఆమ్లముగా మార్చును. ఆ పులుపులో చేపను కుళ్లించు బాక్టీరియాలు బ్రదుకజాలవు. మన ఇండ్లలో ఇడ్లీపిండిని పులియజేయువానిలోను ఈ జాతివే ముఖ్యమైనవి. నెలలు గడచి తొట్టి తెరచునప్పటికి అన్నము గంజివలె మెత్తబడును. దానిని తుడిచివేసి చేపను మాత్రమే తినుట పూర్వాచారము.

ఇంతకాలము వేచియుండు ఓపిక పట్టణవాసులకు లేకపోయినది. క్రమముగా పులియు కాలము తగ్గి, అన్నము కూడ భోజనములో భాగమైనది. తుదకు పులియుటయే మాని, అన్నములో వెనిగర్ కలుపసాగిరి. హండా పట్టణమునకు చెందిన నకానో మతాజయెమోన్ అను వర్తకుడు 1804లో సాకే మద్యము తీసిన పిప్పినుండి చౌకగా వెనిగర్ చేయ మొదలిడెను. 1820 ప్రాంతమున ఎడో నగరములో, అనగా నేటి టోక్యోలో, హనాయా యోహే చేతితో నొక్కిన అన్నపుముద్దపై చేపముక్క నుంచి అమ్మెనని ప్రసిద్ధి. ఆనాటి ముద్ద నేటిదానికంటె చాల పెద్దది. వీధి అంగడియొద్ద నిలుచుండి తినునది. మంచుగడ్డ సామాన్యులకు దొరకని కాలమది. కనుక చేపను వెనిగర్‌లోనో సోయారసములోనో నానవేయుటయో, ఉడికించుటయో చేసెడివారు. నేడు గాజుపెట్టెలో మెరయు పచ్చిచేప ప్రాచీన సంప్రదాయముకంటె శీతలయంత్రమునకే ఎక్కువ ఋణపడియున్నది.

ఆ యంత్రమే అన్నమును పాడుచేయును. ఉడికిన బియ్యములోని పిండిపదార్థపు అణువులు చల్లబడినకొలది మరల వరుసగా పేర్చుకొని గట్టిపడును. సుమారు 4 డిగ్రీల సెంటిగ్రేడువద్ద, అనగా శీతలపుపెట్టెలో, ఈ మార్పు మిక్కిలి వేగముగా సాగును. సుషీ అన్నము బిరుసెక్కినదనువారు నిందించవలసినది ముందుగా చేసి పెట్టెలో దాచిన పద్ధతినే. వెనిగర్ సరిగా కలిపి పి.హెచ్. విలువను 4.6కు దించిన అన్నము కొన్ని గంటలు బయట ఉండగలదు. బాసిల్లస్ సీరియస్ వంటి సూక్ష్మజీవులు అందులో పెరుగవు. మన పులిహోర ప్రయాణములలో మూటకెక్కుటకును చింతపండులోని ఆమ్లము ఒక కారణమే గదా!

చేప విషయము ఇంతకంటె గంభీరమైనది. సముద్రపు చేపలలో కొన్నిటియందు అనిసాకిస్ అను సన్నని పురుగు పిల్లలుండును. ఇవి మనుష్యుని జీర్ణాశయపు గోడను తొలచి తీవ్రమైన నొప్పి కలిగించునని 1960లో నెదర్లాండ్సు శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. అచ్చట ఉప్పు తక్కువ వేసిన హెర్రింగు చేప తినినవారికి ఈ బాధ కలిగెను. సున్నకు దిగువ 20 డిగ్రీలవద్ద 7 రోజులుగాని, 35 డిగ్రీలవద్ద గడ్డకట్టించి 15 గంటలుగాని ఉంచిన పురుగు చచ్చునని అమెరికా ఆహారశాఖవారి మార్గదర్శకము. కావున ఎన్నడును గడ్డకట్టని చేపయే మేలని పలువురు పలుకు మాట శాస్త్రమునకు విరుద్ధము. అయితే గడ్డకట్టించుటవలన బాక్టీరియాలన్నియు చావవు. కత్తి, పలక, చేతుల శుభ్రత ఎప్పటివలెనే అవసరము.

ఇక రెండవ ప్రక్క. హిబాచీ యనగా జపాను భాషలో నిప్పుపాత్ర. బూడిదపై బొగ్గులుంచి చలికి చేతులు కాచుకొను కుంపటి అది. భోజనశాలలోని ఇనుపరేకు వంటకు జపానులో తెప్పాన్‌యాకి యని పేరు. కోబే నగరములోని మిసోనో అను భోజనశాల 1945లో దీనిని ప్రారంభించినట్లు చెప్పుకొనును. జపాను వారికంటె అచ్చటికి వచ్చిన విదేశీయులే దీనిని ఎక్కువగా మెచ్చిరట. హిరోఆకి అయోకి 1964లో న్యూయార్కులో నాలుగు బల్లలతో బెనిహానా తెరచి, ఈ వంటను అమెరికాలో వేళ్లూనజేసెను. పేరు మారినను వంట అదియే. ఈ పొరపాటు కేవలము మాటలది కాదు. అసలు హిబాచీని, బొగ్గుల పొయ్యిని, మూసిన గదిలో వెలిగించిన కార్బన్ మోనాక్సైడ్ చేరి ప్రాణములు తీయును.

కాచుకొనుటకును ఈ వంట ఏర్పాటులోనే మూలమున్నది. వంటవాడు అతిథుల ముందరనే వండుటచే వెనుక వంటయిల్లు చిన్నదైనను చాలును. స్థలపు అద్దె కలిసివచ్చును. అయితే ఒక వంటవానికి ఒక బల్ల. ఎనమండుగురు కూడిననేగాని అతడు వంట మొదలిడుట గిట్టుబాటు కాదు. కనుక ఇద్దరుగా వచ్చినవారు పానీయశాలలో కాచుకొని, ఎరుగనివారితో పంక్తి కలియవలెను. కొందరికి అది వేడుక, కొందరికి విసుగు. రుచిలో మాత్రము లోపము అరుదు. కాలిన ఇనుముమీద మాంసములోని ఎమినో ఆమ్లములును చక్కెరలును కలిసి గోధుమవర్ణమును, కమ్మని వాసనను ఇచ్చును. 1912లో ఫ్రెంచి రసాయనవేత్త మయార్ వర్ణించిన ఈ చర్యకు రేకు మిక్కిలి వేడిగా ఉండుటయు, ముక్క తడిలేకుండుటయు ముఖ్యము. ఒక్కసారి ఎక్కువ కూరలు గుమ్మరించినచో నీరూరి, అవి వేగుటకు బదులు ఉడుకును.

ఆ ఇనుపరేకుల గదికి ఆవలి ప్రక్కనే సుషీ చేయువాడు నిలుచుండును. అతనికి గది చల్లగాను, చేయి తడిగాను ఉండవలెను, అన్నము మాత్రము ఒంటి వేడిమికి దగ్గరగా నుండవలెను. రద్దీ రాత్రి ఎనమండుగురి బల్లలు నాలుగు ఒకేమారు నిండి, వారందరును వేపుడు వచ్చులోపల తినుటకు సుషీ కోరినప్పుడు, అతడు అన్నము ముందుగానే చుట్టి పెట్టెలో పెట్టుట ఆశ్చర్యము కాదు.