బోరింగులో రెండు మరలు

మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో చేతిపంపుని బోరింగు అంటారు. సాగర్ కాలువ కింద పత్తి, మిరప పండించే ఊళ్ల సంగతి సరే, కాలువ ఎక్కని కనిగిరి, పొదిలి మెట్టల్లో చాలా ఏళ్లపాటు తాగునీళ్లంటే బోరింగే. ఈ బోరింగులో మన ఐటీ జనం తెలుసుకోవాల్సిన చరిత్ర ఒకటుంది. అది మర చరిత్ర. (మరచెంబు గుర్తుందా? ఆ మరే!)

ఒకప్పుడు ఇంగ్లండులో ఏ వర్క్‌షాపు మర దానిదే. ఒకరి బోల్టు ఇంకొకరి నట్టుకి పట్టేది కాదు. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఆయన రకరకాల షాపుల బోల్టులు పోగేసి, సగటు చూసి, 1841లో ఒక పద్ధతి ప్రతిపాదించాడు: మర కోణం 55 డిగ్రీలు, ఫలానా లావుకి అంగుళానికి ఇన్ని చుట్లు. అక్కడి రైల్వేలు దాన్ని అందుకున్నాయి. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ తయారుచేయడం తేలికని 60 డిగ్రీలన్నాడు. 1898లో జూరిక్‌లో కూడిన యూరప్ ఇంజనీర్లు మెట్రిక్ మరకి కూడా 60 డిగ్రీలే ఖాయం చేశారు.

ఇప్పుడు మన బోరింగుకొద్దాం. 1970ల్లో యూనిసెఫ్ సాయంతో మన దేశంలోనే రూపొందిన పంపు ఇండియా మార్క్ 2. అందులో నీళ్లు పైకొచ్చే 32 మి.మీ. గొట్టానిది విట్‌వర్త్ మర, అంగుళానికి 11 చుట్లు. లోపల ఆడే 12 మి.మీ. కడ్డీది మెట్రిక్ మర, చుట్టుకీ చుట్టుకీ 1.75 మి.మీ. ఒకే పంపులో రెండు స్టాండర్డులు! 1956 చట్టంతో దేశం మెట్రిక్‌కి మారినా గొట్టాల మర మారలేదు. అప్పటికే బిగించి ఉన్న పాత గొట్టాలకి కొత్తవి కలవాలి కదా. మనం బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అని గొప్పగా చెప్పుకునేది ఇదే.

అసలు పని చేత్తోనే. పైనుండే చివరి కడ్డీని బోరు దగ్గరే కొలిచి, కోసి, అక్కడే మర వెయ్యాలి. కొనని ఆకురాయితో కాస్త ఏటవాలుగా రాసి, డైని తిన్నగా కూర్చోబెట్టి, నూనె చుక్కేసి, అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పుతారు. వెనక్కి తిప్పకపోతే ఇనప రజను ఇరుక్కుని మర చిరిగిపోతుంది. మొదటి రెండు చుట్లు వంకరపోతే చివరిదాకా వంకరే. చిన్నప్పుడు మా ఊరి మెకానిక్కు ఈ పని చేస్తుంటే నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. ఆయనకి విట్‌వర్తూ తెలీదు, జూరిక్కూ తెలీదు. డై మీద ఎం12 అని ఉంటే చాలు. ఎక్కడో ఫ్యాక్టరీలో చేసిన కప్లింగు, ఆయన ఎండలో నిలబడి వేసిన మర మీద జారినట్టు ఎక్కేది.

స్టాండర్డంటే పెద్ద కంపెనీల వ్యవహారమని మనలో చాలామంది అనుకుంటారు. నాకైతే అది ఎక్కువ ఉపయోగపడేది ఇలాంటి ఒంటరి మెకానిక్కుకే అనిపిస్తుంది. ఈ పంపు డిజైనుకి పేటెంటు లేదు, ఎవరైనా చేసుకోవచ్చు. మనం ఓపెన్ సోర్స్ అంటూ వాదించుకోవడం మొదలుపెట్టకముందే అది ఊరూరా నీళ్లు పోసింది. అందుకే ఎవరైనా పాత ఇంటర్‌ఫేసుని సరదాగా మార్చేద్దామంటే నాకు ఒళ్లు మండుతుంది. మర పట్టకపోతే బోరింగు దగ్గర ఖాళీ బిందెలతో నిలబడేది ఊరి ఆడవాళ్లు, డిజైను మార్చినవాడు కాదు.

ఇంతకీ మీ వైపు మర వెయ్యడాన్ని ఏమంటారు?