నడిగడ్డ నుండి సోమశిల వఱకు

మన దేశచరిత్రను మనము సాధారణముగా రెండు తావులనుండి చూచుచుందుము. ఒకటి పాఠ్యపుస్తకము, రెండవది రైలుబండి కిటికీ. మొదటిదానిలో రాజులు కనబడుదురు గాని ప్రజలు కనబడరు. రెండవదానిలో ప్రజలు కనబడుదురు గాని నిలువరు. ఈ రెంటికి నడుమ మఱియొక ఆసనము కలదనియు, అది సైకిలు మీది సీటనియు మాకు నలువదియేండ్లు దాటిన పిదపగాని తెలిసిరాలేదు.

సముద్రతీరముల వెంబడి సైకిలు యాత్రలు చేసినవారి వృత్తాంతములు మేము చిన్నతనమునుండియు చదువుచుంటిమి. 1923లో బొంబాయినుండి బయలుదేరిన ఆర్గురు పారసీ యువకులలో ఆది హకీము, జాల్ బాపసోలా, రుస్తుం భూంగారా యను మువ్వురు 1928 నాటికి భూమండలమును చుట్టివచ్చిరి. అంతటి సాహసము మాకు లేదు. మా పాలమూరు సీమకు సముద్రమును లేదు. అయినను తీరము లేదనుట పొరపాటు. ఉత్తరమున కృష్ణ, దక్షిణమున తుంగభద్ర, తూర్పున నల్లమల కొండల నడుమ నిలిచిన శ్రీశైల జలాశయము, ఇవియే మా తీరములు. 2016లో ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో చరిత్ర యంతయు ఈ నీటియంచుననే పుట్టినది. కొంత ఈ నీటియందే మునిగినది. గడచిన సంక్రాంతి సెలవులలో మేమును, మాతోడి యుపాధ్యాయు లిద్దఱును ఈ తీరమున అయిదు దినములు సైకిళ్లపై సంచరించితిమి.

అలంపురమున బయలుదేరుటకు ముందు మాలో నొకరు గొలుసునకు నూనె వేయుచుండగా, అచ్చటి వృద్ధు డొకడు నవ్వి, "బండికి కందెన పెట్టనిదే ఈడ ఏ పనీ కాలేదు సారూ" అనెను. ఆ మాటలో నొక స్థలపురాణమే యున్నది. అలంపుర దేవాలయములకు రాళ్లు తోలిన బండ్లు తుంగభద్ర దాటుటకు ముందు ఆవలియొడ్డున నిలిచి ఇరుసులకు కందెన పెట్టుకొనెడివనియు, ఆ తావే కందెనవోలై, తుదకు కర్నూలైనదనియు పెద్దలు చెప్పుదురు. నాగర్‌కర్నూలు పేరునకును ఇట్టి కథనే చెప్పువారు కలరు. శాస్త్రజ్ఞులు దీని నొప్పుకొందురో లేదో కాని, మాకు ఈ కథయం దొక న్యాయము కనబడినది. గుడి కట్టించిన రాజు పేరు శాసనమున నిలిచినది. రాయి తోలిన బండివాని గుర్తు ఊరి పేరున నిలిచినది.

అలంపురపు నవబ్రహ్మాలయములు బాదామి చాళుక్యుల కాలపువి. వానిలో స్వర్గబ్రహ్మాలయము వినయాదిత్యుని కాలమున, అనగా 681–696 నడుమ వెలసినది. తెలుగునేలపై ఉత్తరదేశపు రీతి శిఖరములు ఇంత తొలికాలమున వరుసగా నిలిచియుండుట చూచినచో, నాడు శిల్పులకు భాషలును రాజ్యపు టెల్లలును అడ్డు కాలేదని తెలియును. వీనికి అనతిదూరముననే కూడలి సంగమేశ్వరాలయము కలదు. అది యచ్చట పుట్టినది కాదు. శ్రీశైలపు నీరు ముంచివేయునని యెఱిగి, రాయి రాయిగా విప్పి, తెచ్చి, మరల నిలిపిరి. ఆ రాళ్ల కూర్పును చూచి మేము మిక్కిలి యానందించితిమి. ఆ యానందము అయిదవ దినమున సగమైనది. ఆ సంగతి ముందు చెప్పెదము.

కృష్ణా తుంగభద్రల నడిమి భూమిని ఇచ్చటివారు నడిగడ్డ యందురు. ఇది రాయచూరు అంతర్వేదికి తూర్పుకొస. ఈ అంతర్వేదికై విజయనగర ప్రభువులును, బహమనీలును, వారి తరువాత బిజాపురపు సుల్తానులును తరతరములుగా పోరాడిరి. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు కోటను గెలుచుకొనెను. నల్లరేగడి నేల, రెండు నదులు: ఇంతకంటె యుద్ధమునకు కారణ మేమి కావలెను? పొలములు త్రొక్కుడుపడిన రైతుల లెక్క మాత్రము ఏ చరిత్రకారుడును వ్రాయలేదు.

గద్వాల కోటను కట్టించినది పెద సోమభూపాలుడు. కోటలోని చెన్నకేశవాలయమును, విద్వాంసులకు జరిగిన సత్కారములును ఈ సంస్థానమునకు 'విద్వద్గద్వాల' యను ఖ్యాతి తెచ్చినవి. కాని యిప్పుడు దేశమంతట గద్వాల పేరు నిలుపుచున్నది మగ్గము. నూలు చీరకు పట్టు అంచును విడిగా కుట్టుట కాదు. నేయుచుండగనే నూలుపోగును పట్టుపోగును చేతితో ఒండొంటికి మెలివేసి కలుపుదురు. మేము చూచిన యింట మగ్గముపై భర్త యొకవైపు, భార్య యొకవైపు కూర్చుండి యుండిరి. అంచు కలుపు పని సగము ఆమెదే. కూలి యెవరి చేతికి వచ్చునని యడుగగా ఆమె నవ్వి యూరకుండెను. చదువరులలో గద్వాల చీర కట్టని గృహిణులు తక్కువగా నుందురు. ఆ యంచును తాకినపుడెల్ల ఆ నవ్వును తలచుకొనవలెనని మా మనవి.

జూరాల యానకట్టమీదుగా కృష్ణ దాటి, ఆత్మకూరు మీదుగా వనపర్తి త్రోవ పట్టితిమి. ఆ త్రోవకు కొంచె మెడముగానున్న సరళాసాగరము తప్పక చూడదగినది. వనపర్తి రాజా రామేశ్వరరావుగారు తల్లి పేర కట్టించిన ఈ జలాశయమునకు 1949లో శంకుస్థాపన జరిగెను. 1959లో పని పూర్తియాయెను. దీనికి తలుపులెత్తు మనుష్యుడు అక్కఱలేదు. నీరు మట్టము దాటగనే గొట్టములలోని గాలిని తానే వెడలగొట్టి పాఱజొచ్చును. మట్టము తగ్గగనే గాలి చొచ్చి ప్రవాహము తానే యాగును. ఇంతటి యుపాయము గల చెఱువునకు 2019 డిసెంబరు 31వ తేదీన గట్టు తెగెను. తరువాత మరల కట్టిరి. తలుపు తానై తెఱచుకొనవచ్చును గాని, గట్టు తనను తాను కాచుకొనలేదు. సంస్కారవంతమైన సంస్థ లన్నిటికిని ఈ మాట వర్తించును.

వనపర్తిలో రాజభవనము పాలిటెక్నిక్ కళాశాల యైనది. మేము చేరునప్పటికి సాయంకాలము. బాలికలు కొందఱు సైకిళ్లు నడిపించుకొని ఆ త్రోవను పోవుచుండిరి. ఒకప్పుడు ఈ ద్వారమున పల్లకి తెరచాటున గాని స్త్రీలు వెడలియుండరు. 1885లో స్టార్లీ రెండు సమచక్రముల సైకిలును, 1888లో డన్లపు గాలిచక్రమును కల్పించినపుడు, తాము స్త్రీలకు త్రోవ చూపుచున్నామని వారు తలంచియుండరు. కాని పాశ్చాత్యదేశములలో జరిగిన దదియే. మన దేశమున 2006లో బీహారు ప్రభుత్వము తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లిచ్చు పథకమును మొదలిడగా, దూరమను నెపమున చదువు మానిన యెందఱో బాలికలు బడికి మరలివచ్చిరి. ఆడుబిడ్డ సైకిలెక్కిన గౌరవము పోవునను తల్లిదండ్రులు మా బడియందును ఇంకను కలరు. బడి మానిన గౌరవము నిలుచునా?

ఈ వనపర్తినుండియే 1952లో సురవరము ప్రతాపరెడ్డిగారు శాసనసభకు ఎన్నికైరి. తెలంగాణమున కవులు లేరను మాటకు 354గురు కవులతో 'గోలకొండ కవుల సంచిక'ను 1934లో ప్రకటించి యుత్తరము చెప్పినవారు వారే. రాజులను ప్రక్కకు నెట్టి, జనుల తిండి, బట్ట, ఆట, ఆచారములతో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను వ్రాసినవారును వారే. వారు నడిగడ్డ బిడ్డ లగుట ఈ సీమకు భాగ్యము.

అయిదవ దినమున కొల్లాపురము దాటి సోమశిల చేరితిమి. జటప్రోలు సంస్థానపు రాజధానిగా కొల్లాపురము వెలిగినది. సోమశిల యొడ్డున నిలిచి చూడగా కొండల నడుమ నీలజలము కనుచూపుమేర వ్యాపించి, సముద్రము చూడని వారికి సముద్రమువలెనే తోచును. మా మిత్రులు "ఏమి సౌందర్యము!" అనిరి. ప్రక్కనే వలను చక్కబెట్టుకొనుచున్న యొక వృద్ధుని, నీటిలో నేమున్నదని యడిగితిమి. అతడు చేయి చాపి, "అగో, ఆడ మా ఊరుండె సారూ. గుడిని రాయి రాయి ఇప్పి తెచ్చి పైన పెట్టిండ్రు. దేవునికి జాగ దొరికింది. మాకు దొరికేసరికి మా నాయన పోయిండు" అనెను.

అలంపురమున మే మనుభవించిన యానందము అప్పుడు సగమైనది. శ్రీశైలము ప్రాజెక్టునకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిరి. 1980 ప్రాంతమున నీరు నిలిచినపుడు నూటికి తక్కువ గాని గ్రామములు లేచిపోయినవి. విద్యుత్తు వచ్చినది, పంటలకు నీరు వచ్చినది. ఆ మేలును మేము కాదనము. ఈ వ్యాసమును దీపము వెలుతురుననే వ్రాయుచున్నాము. కాని గుడి రాళ్లకు అంకెలు వేసి, ఏది యెచ్చట నుండెనో వ్రాసికొని తరలించిన శ్రద్ధ, ఇండ్లు విడిచిన కుటుంబములపట్ల చూపియుండిన ఎంత బాగుండెడిది! నది వెడల్పై, ఎదుటియొడ్డు చుట్టములు దూరమైరి. 2007 జనవరిలో ఈ నీటియందే పడవ మునిగి అరువదిమంది వఱకు మరణించిరి.

ఆ వృద్ధుని ఊరి పేరు వ్రాసికొంటిమి. వీధులును, బావులును, ఏ చెట్టు క్రింద బడి జరిగెడిదో కూడ వ్రాసికొంటిమి. మా బడి తెఱచిన పిమ్మట తొమ్మిదవ తరగతివారికి ఒక పని యొప్పగించితిమి: మునిగిన యూళ్లనుండి వచ్చిన పెద్దలు ఇంటనో పొరుగుననో ఉన్నచో, వారి జ్ఞాపకములను కాగితముపై నెక్కించవలెను. మొదట కాగితము తెచ్చినది ఒక బాలిక. తన నాయనమ్మ చెప్పగా మునిగిన ఊరి పటము గీచినది. అందు కోట లేదు, రాజు లేడు. ఒక చేదబావి, రచ్చకట్ట, పదునెనిమిది యిండ్లు, ప్రతి యింటిపైని యజమానురాలి పేరు కలవు. మేము చదివిన చరిత్రగ్రంథములలో నింతటి పటము చూచియుండలేదు. చదువరులారా, మీ యింటి పెద్దలను గూడ నడుగుడు. ఆ తరము దాటిన తరువాత అడుగుటకు ఎవ్వరును ఉండరు.