ప్రూఫుల మధ్య బతుకు

1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఎవరు తోడు నిలిచారో, ఎవరు మెల్లగా జారుకున్నారో కందుకూరి వీరేశలింగం గారు స్వీయచరిత్రలో పూసగుచ్చినట్టు రాశారు. దాని మొదటి భాగం 1911లో, రెండోది 1915లో వచ్చాయి. రచయిత చిలకమర్తి వారు చూపు పోయాక తమ కథ పక్కనున్నవాళ్లకు చెప్పి రాయించారు.

అప్పట్లో స్వీయచరిత్ర అచ్చు వేయించడం పేరున్నవాళ్ల పని. ఒక్కో అక్షరం కేసులోంచి ఏరి స్టిక్కులో పేర్చాలి. మా నాన్న బతుకంతా చేసింది అదే. మామూలు మేష్టర్లు అంత ఖర్చు ఎక్కడ పెడతారు? డీటీపీ వచ్చాకే విజయవాడలో మా బోటి చిన్న షాపులకు రిటైరైనవాళ్లు లాంగ్ నోటుబుక్కులు పట్టుకుని రావడం మొదలైంది. షష్టిపూర్తికో, సహస్ర చంద్ర దర్శనానికో కొన్ని కాపీలు వేసుకుంటారు. అన్నీ పంచిపెట్టడానికే.

ఇలా పాత సంగతులు తవ్వుకోవడాన్ని పిల్లలు చాదస్తం అంటారు. డాక్టర్లూ ఒకప్పుడు ఇంచుమించు అదే అనేవారు. అమెరికాలో రాబర్ట్ బట్లర్ అనే సైకియాట్రిస్టు 1963లో ఆ మాట కొట్టేశాడు. చావు దగ్గరపడుతోందని తెలిసిన మనిషి గడిచినదంతా తిరగేసుకోవడం జబ్బు కాదన్నాడు. దానివల్ల కొందరు కుదుటపడతారు, కొందరు ఇంకా కుంగిపోతారని కూడా ఆయనే రాశాడు. 2001లో సైకాలజిస్టు డాన్ మెకాడమ్స్ బృందం విద్యార్థుల కథలు, నడివయసువాళ్ల కథలు పరిశీలించింది. చెడు నుంచి ఏదో మంచి పుట్టినట్టు చెప్పుకునేవాళ్ల మనసు నిబ్బరంగా ఉందని, మంచి అంతా చెడిపోయినట్టు చెప్పేవాళ్ల సంగతి తలకిందులని తేల్చింది. కథ వల్ల నిబ్బరమా, నిబ్బరం వల్ల అలాంటి కథా అంటే మాత్రం చెప్పడం కష్టం.

మా షాపుకొచ్చిన ఒక హెడ్మాస్టరు గారి మేటరులో సగం అన్నదమ్ముల పొలం తగాదాయే. మొదటి ప్రూఫులో సర్వే నంబర్లతో సహా ఇంకా కలిపారు. రెండో ప్రూఫులో ఎర్రసిరాతో చాలా కొట్టేసి, మార్జిన్లో సన్నగా రాశారు: పొలం పోబట్టే ట్రైనింగుకి వెళ్లాను, ఉద్యోగం దొరికింది.

"ఇది ముందే రాయలేదేం మాస్టారూ?"

"రాస్తూంటే తట్టిందమ్మా."

అన్నగారిని క్షమించేశారనుకోకండి. సర్వే నంబరు ఒకటి తప్పు పడిందని మర్నాడే మళ్లీ వచ్చారు.

ఇంకొకాయన ఒకే అవమానాన్ని తిప్పి తిప్పి రాస్తూ, చివరికి పుస్తకమే వద్దన్నారు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు రాస్తామంటే నోటుబుక్కు కొనివ్వండి, రాసింది కూచుని చదవండి. మేమైతే డబ్బు తీసుకుని చదువుతాం.