ప్రాణం మీదికి తెచ్చిన మందు

మొదట తగిలేది వాసన. గడ్డకట్టిన సంచీని గోరువెచ్చటి నీళ్లలో కరిగించి, గొట్టానికి తగిలించి కాసేపయిందో లేదో, మంచం చుట్టూ వెల్లుల్లి ఘాటు. అతిశీతలంలో కణాలు చితికిపోకుండా వాటిలో కలిపిన రసాయనం పిల్ల ఊపిరిలోంచి బయటికి వస్తోంది. వెనక్కి జరగకండి. గొట్టం వైపే చూస్తూ ఉండండి.

2012 ఏప్రిల్. అమెరికాలో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి. మంచం మీద ఎమిలీ వైట్‌హెడ్, ఆరేళ్ల పిల్ల. ఆమెను చూసుకుంటున్న డాక్టర్లలో మీరొకరు.

కేసు షీటు మీకు కంఠతా వచ్చు. ఐదేళ్లప్పుడు లుకేమియా బయటపడింది. కీమోకి లొంగింది, తిరగబెట్టింది. మళ్లీ కీమో. ఎముక మజ్జ మార్పిడికి ఏర్పాట్లు జరుగుతుండగానే ఇంకోసారి తిరగబెట్టింది. పుస్తకాల్లో ఉన్న మందులు అయిపోయాయి. అమ్మానాన్నల ముందు రెండే దారులు మిగిలాయి: పిల్లను ఇంటికి తీసుకెళ్లిపోవడం, లేదా ఇంతవరకు పెద్దవాళ్లకు మాత్రమే చేసిన ఒక ప్రయోగానికి సంతకం పెట్టడం. సంతకం పెట్టారు. ఇప్పుడు గోడవారగా నిలబడి, సంచీని కాకుండా మీ మొహాన్ని చూస్తున్నారు.

సంచీలో ఉన్నవి ఎమిలీ సొంత కణాలే. టీ కణాలు. ఒంట్లోకి చొరబడిన వాటిని వెతికి చంపే తెల్లరక్త కణాలు. ముందే ఆమె రక్తాన్ని మెషీన్ గుండా పోనిచ్చి వీటిని వేరుచేశారు. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో కార్ల్ జూన్ బృందం వీటిలోకి ఒక కొత్త జన్యువును పంపింది. మోసుకెళ్లింది ఎవరనుకుంటున్నారు? హెచ్‌ఐవీ. రోగం తెచ్చే భాగాలన్నీ తీసేసిన హెచ్‌ఐవీ. టీ కణంలోకి దూరడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. ఆ జన్యువు వల్ల టీ కణం పైన ఒక కొత్త ప్రొటీన్ మొలుస్తుంది. లుకేమియా కణం మీద సీడీ19 అనే గుర్తు తగిలితే చాలు, పట్టేసుకుంటుంది. ఇలా మార్చిన వాటికే కార్-టీ కణాలని పేరు.

మైక్రోస్కోప్ మీదికి ఒకసారి వంగండి. గుండ్రటి లుకేమియా కణం ఒకటి కదలకుండా ఉంది. పక్కనుంచి కార్-టీ కణం పాక్కుంటూ వచ్చి దాన్ని తాకుతుంది. అంటుకుపోతుంది. కాసేపు ఏమీ జరగదు. తర్వాత లుకేమియా కణం పొర మీద బుడగలు లేస్తాయి, ఒళ్లంతా ఉబ్బుతుంది, చిరుగుతుంది. కార్-టీ కణం విడివడి పక్కదాని వైపు కదులుతుంది. దారిలో ఆగి రెండుగా చీలుతుంది. అవి నాలుగవుతాయి.

భయపడాల్సింది ఇక్కడే. మామూలు మందయితే మీరు ఇచ్చినంతే ఉంటుంది, గంటగంటకీ తగ్గుతుంది. ఇది లోపలికి వెళ్లాక పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో మీ చేతిలో లేదు. అందుకే మూడు రోజులకు పంచారు. మొదటి రోజు పదో వంతు, రెండో రోజు ఇంకొంత, మూడో రోజు మిగతాదంతా.

జ్వరం మొదలైంది.

మంచి గుర్తే అనుకుంటారు. ఇంతకు ముందు ఈ కణాలు ఎక్కించుకున్న పెద్దవాళ్లకూ జ్వరం వచ్చింది, పోయింది. కణాలు పనిలో దిగాయన్నమాట.

105 దాటింది. నుదుటి మీద చెయ్యి వేస్తే చురుక్కుమంటోంది. ఇన్‌ఫెక్షనా? రక్తం కల్చర్‌కి పంపారు, యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. జ్వరం మెట్టు దిగలేదు. బీపీ మాత్రం దిగుతోంది. సెలైన్ పెంచారు. ఇంకా దిగుతోంది. సన్నటి రక్తనాళాలు కారుతున్నాయి. మీరు ఎక్కించిన నీరు ఊపిరితిత్తుల్లోకి, చర్మం కిందికి చేరుతోంది. మొహం ఉబ్బిపోయింది. ఊపిరి అందడం లేదు. ఐసీయూ. వెంటిలేటర్. బీపీ నిలబెట్టే మందు. డోసు పెంచారు. మళ్లీ పెంచారు.

స్టెరాయిడ్ ఇవ్వాలా?

తొందరగా చెప్పండి. స్టెరాయిడ్ ఈ మంటను అణుస్తుంది. టీ కణాల్నీ అణుస్తుంది. ఇస్తే ఈ రాత్రి గట్టెక్కొచ్చు, లుకేమియా మాత్రం మిగిలిపోవచ్చు. ఇవ్వకపోతే తెల్లారేసరికి పిల్ల ఉండకపోవచ్చు. ఇస్తారు. జ్వరం కాస్త తగ్గినట్టే తగ్గి, మళ్లీ లేచింది.

ఏడో రోజు. అమ్మానాన్నలకు చెప్పాల్సిన మాట చెప్పేశారు.

ఇక చేయగలిగింది ఒక్కటే ఉంది. కొలవడం. కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకునే ప్రొటీన్లుంటాయి, సైటోకైన్లు. వాటిలో ఏది పెరిగిందో చూడమని రక్తం ల్యాబ్‌కి వెళ్లింది. రిపోర్టు వచ్చింది. వేలు పెట్టి ఒక్కో వరసే దిగండి. ఆగండి. ఇంటర్‌ల్యూకిన్-6. ఉండాల్సిన దానికి వెయ్యి రెట్లు.

టీ కణాలు దాన్ని పెద్దగా తయారుచేయవు కదా, మరి ఎక్కణ్ణుంచి వచ్చింది? చాలావరకు మాక్రోఫేజ్‌లనే ఇంకో రకం రోగనిరోధక కణాల నుంచి. టీ కణాలు రెచ్చగొడితే గోల చేసేది అవి. ఆ సంగతి 2018లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో గానీ తేలదు. ఈ రాత్రికి అది మీకు తెలియదు, ఆలోచించే తీరికా లేదు. ఇంటర్‌ల్యూకిన్-6ను అడ్డుకునే మందు ఏదైనా ఉందా?

ఉంది. కార్ల్ జూన్‌కి తట్టింది. ఆయన కూతురికి చిన్నతనంలో వచ్చే కీళ్లవాతం ఉంది. ఆ జబ్బులో ఒక తీవ్రమైన రకానికి టోసిలిజుమాబ్ అనే మందును అమెరికాలో అనుమతించింది కిందటేడే, 2011లో. తండ్రిగా దాని మీద ఓ కన్నేసి ఉంచాడు. క్యాన్సర్ వార్డులో మీకు దాని అవసరమే పడలేదు. మీ ఆసుపత్రిలోనే ఉంది, కీళ్లవాతం పిల్లల కోసం.

ఇలాంటి స్థితిలో దాన్ని ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు. డోసెంత? తెలియదు. కీళ్లవాతానికి ఇచ్చేదే ఇవ్వాలి. కణాలు ఆగిపోతే? తెలియదు. పిల్ల తట్టుకోకపోతే? బీపీ చూడండి. టైము లేదు. ఎమిలీ డాక్టరు స్టీఫన్ గ్రప్ ఇద్దామనే తేల్చాడు. మీరు తగిలించండి.

ఎక్కింది.

గంట. ఇంకో గంట. జ్వరం దిగుతోంది. బీపీ మందు కొంచెం తగ్గించి చూశారు. పడిపోలేదు. ఇంకొంచెం తగ్గించారు. నిలబడింది. వెంటిలేటర్‌లో ఆక్సిజన్ తగ్గించినా ఊపిరి అందుతోంది. ఇంత విషమించిన రోగి ఇంత త్వరగా తేరుకోవడం ఐసీయూ వాళ్లు ఎన్నడూ చూడలేదు.

మే 2న ఎమిలీ కళ్లు తెరిచింది. ఆ రోజు ఆమె ఏడో పుట్టినరోజు. మరికొన్ని రోజులకు మజ్జ తీసి చూస్తే లుకేమియా ఆనవాలు లేదు. కార్-టీ కణాలు లోపల వెయ్యి రెట్లకు పైగా పెరిగాయి. టోసిలిజుమాబ్ వాటి జోలికి పోలేదు.

దీన్ని అదృష్టం అని తీసిపారేసేవాళ్లున్నారు. సగం ఒప్పుకుంటాను. కూతురి జబ్బు గుర్తుకు రావడం అదృష్టమే. దిక్కుతోచని రాత్రి స్టెరాయిడ్లు గుమ్మరిస్తూ కూర్చోకుండా, లోపల ఏం పెరిగిందో కొలిచి చూద్దామనుకోవడం మాత్రం అదృష్టం కాదు.

అన్ని గదుల్లోనూ ఇలాగే ముగియలేదు. ఎమిలీతో పాటు 2013లో ప్రచురించిన పరిశోధనలో రెండో పిల్ల ఉంది. లుకేమియా పూర్తిగా పోయింది, సుమారు రెండు నెలలకు తిరిగొచ్చింది. ఈసారి కణాల మీద సీడీ19 లేదు. కార్-టీ కణాలకు అవి శత్రువులని తెలిసే దారే లేకుండా పోయింది. ఆ చిక్కు ఇప్పటికీ పూర్తిగా విడలేదు.

ఇంకో గదిలోకి రండి. ఏళ్లు గడిచాయి, ఇది మన దేశం. మంచం మీద పెద్దాయన. కణాలు ఎక్కించి వారం దాటింది. జ్వరం దిగింది, బీపీ బాగుంది, ఇంటివాళ్లు కాస్త నవ్వుతున్నారు. మీరు కాగితం, పెన్ను అందిస్తారు. రోజూ ఒకటే వాక్యం రాయిస్తున్నారు. నిన్న అక్షరాలు వరసగా ఉన్నాయి. ఇవాళ గీత కిందికి జారుతోంది, ఒక ఒత్తు ఎగిరిపోయింది.

“బాబాయ్ గారూ, ఇదేంటి?” పెన్ను పైకెత్తి చూపిస్తారు.

ఆయనకు తెలుసు. నోటిదాకా వచ్చింది. పేరు రాలేదు.

“వంద నుంచి పదేసి తగ్గిస్తూ లెక్కపెట్టండి.”

“వంద. తొంభై.” ఆగాడు. “తొంభై.”

నర్సును పిలవండి. ఇప్పుడే. అదే సైటోకైన్ల తుఫాను మెదడుకు తగిలింది. రక్తంలో ఉన్నవి నేరుగా మెదడులోకి పోకుండా ఆపే రక్షణ పొర సడలుతోంది. ఫిట్స్ రావచ్చు, మెదడు వాయవచ్చు. టోసిలిజుమాబ్‌కి చెయ్యి చాపకండి. అది పెద్ద యాంటీబాడీ, మెదడులోకి సరిగా చేరదు. ఇక్కడ ముందు స్టెరాయిడే. టైముకి పట్టుకుంటే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. పట్టుకోవడానికి ఆ గీత వంకరే ఆధారం.

2017 ఆగస్టు 30న అమెరికా ఎఫ్‌డీఏ ఎమిలీకి ఇచ్చిన చికిత్సనూ, దాని వెంట వచ్చే తుఫానుకు టోసిలిజుమాబ్‌నూ ఒకే రోజు ఆమోదించింది. చికిత్స ధర 4,75,000 డాలర్లు పెట్టారు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ సెంటర్ చేతుల మీదుగా తయారైన నెక్స్‌కార్19కు మన దగ్గర 2023 అక్టోబరులో అనుమతి దొరికింది. ధర అమెరికా ధరలో దాదాపు పదో వంతు. అదీ మనలో ఎక్కువమందికి అందేది కాదు.

మీ ఇంట్లో ఎవరికైనా డాక్టరు కార్-టీ పేరెత్తితే, ఖర్చుతో పాటు ఇంకో రెండు ప్రశ్నలు అడగండి: టోసిలిజుమాబ్ ఆసుపత్రిలో సిద్ధంగా ఉందా, అవసరం పడితే ఐసీయూ మంచం వెంటనే దొరుకుతుందా. డిశ్చార్జి అయ్యాక మొదటి వారాల్లో ఆసుపత్రికి దగ్గర్లోనే ఉండండి. రోజూ ఒక వాక్యం రాయించండి. జ్వరం తగిలితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా ఆగకండి, ఎంత రాత్రయినా ఫోన్ చేయండి.