పల్నాడు: పేరు ఒకటే, ఎల్లలు అనేకం

1985లో తాలూకాలు రద్దయి మండలాలు ఏర్పడిన తరువాత 'పల్నాడు' అన్న పేరుతో ఏ పాలనా విభాగమూ మిగలలేదు. పేరు మాత్రం జనం నాలుక మీద నిలిచే ఉంది. బస్సుల్లో, పెళ్ళిమాటల్లో, వీరగాథల్లో, ఎన్నికల వార్తల్లో ఆ పేరు వినబడుతూనే వచ్చింది. 2022 ఏప్రిల్ 4న ఆ పేరే ఒక జిల్లాకు పెట్టబడి తిరిగి ప్రభుత్వ పటంలోకి ఎక్కింది. అయితే తిరిగివచ్చిన పల్నాడు, వెళ్ళిపోయిన పల్నాడు ఒకటి కావు. జిల్లా కేంద్రంగా ప్రకటించిన నరసరావుపేట పాత పల్నాడు తాలూకాలోని ఊరే కాదు. ఈ చిన్న చిక్కుముడిని పట్టుకుని లాగితే ఎనిమిది వందల ఏళ్ళ చరిత్ర కదిలివస్తుంది. ఆ చరిత్రను నాకు తెలిసినంతలో మిత్రులతో పంచుకోవాలని ఈ టపా.

నేల

ముందుగా నేల సంగతి. ఉత్తరాన కృష్ణానది. పడమట, నైరుతి దిక్కుల నల్లమల కొండలు. నడుమ సున్నపురాతి, నాపరాతి పొరల మీద పరచుకొన్న మెట్టభూమి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతిపొరల సముదాయాన్నే పల్నాడు పేరుతో వ్యవహరిస్తారు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, మాచర్ల నాపరాళ్ళు, దాచేపల్లి చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు, అన్నీ ఈ రాతి పుణ్యమే. మాచర్ల పక్కగా పారే చంద్రవంక ఎత్తిపోతల వద్ద కొండ దూకి కృష్ణలో కలుస్తుంది. నాగులేరు కారంపూడి, దాచేపల్లి మీదుగా పోయి అదే నదిలో చేరుతుంది. రెండూ వానలకు పొంగి వేసవికి సన్నబడే ఏరులే. పక్కనే మహానది పారుతున్నా పొలానికి నీరెక్కని నేల ఇది. శ్రీనాథుడివిగా చెప్పుకొనే చాటువులు పల్నాటి జొన్నకూటినీ నీటి కరువునూ ఎగతాళి చేశాయని సాహిత్యాభిమానులకు చెప్పనక్కరలేదు. ఆ ఎగతాళిలో అబద్ధం లేదు గానీ, ఆ జొన్నకూడు తిన్నవారి కథనే కావ్యంగా రచించిన కీర్తి కూడా ఆయనకే దక్కింది!

పేరు ఎలా వచ్చిందన్న దానిపై పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. పల్లెల నాడు కనుక పల్లెనాడు అన్నవారున్నారు. పాలరాతి వల్ల పాలనాడు అన్నవారున్నారు. పల్లవనాడే పల్నాడైందని మరికొందరన్నారు. ఈ మూడవ మాటకు కొంత ఊతమిచ్చే ఆధారం పల్నాటిలోనే ఉంది. మంచికల్లులో దొరికిన పల్లవ సింహవర్మ ప్రాకృత శాసనం తొలి పల్లవుల శాసనాలలో ఒకటి. దానికి ముందే, మూడవ శతాబ్దంలో, ఇక్ష్వాకులు కృష్ణ ఒడ్డున విజయపురిని రాజధానిగా చేసుకొని ఏలారు. మారుమూల తాలూకా అని తరువాతి కాలంలో అనిపించుకొన్న ఈ నేల, ఒకప్పుడు రాజధానికి మారుమూల కాదు; రాజధాని ఇక్కడే ఉండేది.

ఒక చిన్న రాజ్యం, రెండు కొలువులు

పల్నాటి యుద్ధ కథ అందరికీ తెలిసినదే. నేను దానిని ఇక్కడ వేరొక కోణం నుంచి చూడదలచుకొన్నాను. పన్నెండవ శతాబ్దంలో హైహయ వంశీయుల ఏలుబడిలో ఉన్న ఈ రాజ్యం అలుగురాజు కొడుకుల కాలంలో రెండుగా చీలింది. నలగామరాజు గురజాలలో, మలిదేవరాజు మాచర్లలో కొలువుతీరారు. అక్కడ నాయకురాలు నాగమ్మ, ఇక్కడ బ్రహ్మనాయుడు. కోడిపందెం, ఓటమి, వనవాసం, రాయబారిగా వెళ్ళిన అలరాజు మరణం, చివరకు కారంపూడి రణభూమి. గురజాలకూ మాచర్లకూ నడుమ దూరం ముప్పై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. నేటి లెక్కలో చెప్పాలంటే కొన్ని మండలాలపాటి నేల మీద హక్కు ఎవరిదన్న తగాదా అది.

చిన్నదని చులకన చేయడానికి ఈ మాట అనడం లేదు. ఈ కథలో తేలవలసిన ప్రశ్నలు ఊరి పాలనకు సంబంధించినవే: ఏ కొలువు కింద ఎన్ని ఊళ్ళు ఉండాలి? మంత్రి మాట ఎంతవరకు చెల్లాలి? ఊరివారందరూ ఒకే పంక్తిన కూర్చోవచ్చునా? బ్రహ్మనాయుడి చాపకూడు, మాల కన్నమదాసుకు దక్కిన సేనాధిపత్యం ఈ చివరి ప్రశ్నకు కథ ఇచ్చిన జవాబు. అందుకే కారంపూడిలో వీరుల గుడి ముంగిట కార్తీకమాసంలో ఏటా జరిగే ఉత్సవం కేవలం జాతర కాదు. కథను గానం చేసినవారి నోటి నుంచి అది గ్రంథంగానూ పరిశోధనగానూ ఎదిగింది. అక్కిరాజు ఉమాకాంతం 1911లో పల్నాటి వీరచరిత్రను అచ్చు వేయించారు. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోఘైర్ 1982లో ఆంగ్లంలో దీనిపై పుస్తకమే వెలువరించారు.

కచేరీల కాలం

గుంటూరు సర్కారు 1788లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. పల్నాడు మాత్రం ఆర్కాటు నవాబు ఏలుబడిలోనిది. 1801లో కర్ణాటకాన్ని కంపెనీ కలుపుకొన్నప్పుడు ఇది కూడా చేరింది. నరసరావుపేట చరిత్ర దీనికి భిన్నం. పూర్వం అట్లూరు అన్న పల్లె, మల్రాజు జమీందారుల వల్ల పద్దెనిమిదవ శతాబ్దం చివర పేటగా పెరిగి వారి పేరు పెట్టుకొన్నది. అంటే ఒకటి నవాబు నుంచి వచ్చిన సీమ, రెండవది జమీందారీ పేట. 2022లో ఒకే జిల్లాగా కట్టిన ఈ రెండు ముక్కలూ కంపెనీ ఏలుబడిలోకి వచ్చిన తోవలే వేరు.

1859లో పాత గుంటూరు జిల్లా రద్దయి కృష్ణా జిల్లాలో కలిసింది. కలెక్టరు కొలువు మచిలీపట్నం. బండ్ల మీద తిరిగే ఆ కాలంలో మాచర్ల రైతుకు సముద్రతీరాన ఉన్న కలెక్టరు ఎంత దూరమో ఊహించుకోవలసిందే. 1904 అక్టోబరు 1న గుంటూరు మళ్ళీ జిల్లా అయింది. వెయ్యి చదరపు మైళ్ళకు పైబడిన పల్నాడు తాలూకాకు గురజాల ముఖ్యపట్టణం. తాసిల్దారు, కరణం, మునసబు: రైతుకు తెలిసిన ప్రభుత్వమంటే ఈ ముగ్గురే. 1884 చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు వచ్చాయి. అవి రోడ్లు, బడులు, ఆస్పత్రులు చూసేవి. శిస్తు మీద గానీ అడవి మీద గానీ వాటి మాట చెల్లేది కాదు. నరసరావుపేట 1915లో పురపాలక సంఘమయింది. పల్లెలకు అటువంటి యోగం లేదు.

ఆ లోటు ఎంతటిదో 1921-22లో తేలింది. తరతరాలుగా పశువులను మేపుకొన్న అడవి సర్కారుదైంది. పచ్చిక మీద పుల్లరి పన్ను పడింది. పన్ను కట్టని పశువు బందెలదొడ్డికి పోయేది. కరువు నేలలో పాడి పశువే ఆధారం కనుక ఇది కడుపు మీద దెబ్బ. పల్నాటి స్థితిగతులు విచారించడానికి వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులు అరెస్టయ్యారు. తరువాతి కాలంలో 'మాలపల్లి' నవల వ్రాసినది ఈ ఉన్నవవారే. దుర్గి ప్రాంతపు మించాలపాడులో కన్నెగంటి హనుమంతు పుల్లరి ఇవ్వరాదని రైతులను కూడగట్టి, 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులకు బలి అయ్యాడు. చౌరీచౌరా ఘటన తరువాత గాంధీజీ ఉద్యమాన్ని నిలిపివేసిన నెల కూడా అదే. తన కొండ మీది గడ్డి గురించి నిర్ణయం చెప్పగల సభ ఒక్కటీ ఊరికి లేనప్పుడు, ఊరు ఏం చేస్తుంది? ఒక మనిషి ముందుకు వచ్చి నిలబడతాడు. పల్నాటి 'పౌరుషం' అని మనం ముచ్చటగా చెప్పుకొనేదానిలో ఇటువంటి గత్యంతరం లేనితనం పాలు చాలా ఎక్కువని నా అభిప్రాయం.

సాగరం, సమితి, మండలం

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ పల్నాటిని చీల్చుకొని నరసరావుపేట వైపు సాగింది. జొన్నచేలు కొన్నిచోట్ల వరిమళ్ళయ్యాయి, పత్తి, మిరప వచ్చాయి. అదే నీటి కింద విజయపురి శిథిలాలూ, ఆ లోయలోని పుల్లారెడ్డిగూడెం పల్లె కూడా మునిగాయి. 1954 నుంచి ఆరేళ్ళపాటు సాగిన తవ్వకాలలో బయటపడిన శిల్పాలు కొండ మీదికి చేరాయి. ఊళ్ళోని మనుషులు వేరే నేల వెదుక్కొన్నారు. ఇక కాలువ కంటె ఎత్తున ఉన్న వెల్దుర్తి వంటి చోట్లకు ఈ నీరు అందలేదు. వారికోసం తలపెట్టిన వరికపూడిశెల ఎత్తిపోతల పథకం దశాబ్దాలుగా మాటగానే ఉండిపోయి, 2023 నవంబరులో మరొకసారి శంకుస్థాపన చేయించుకొన్నది.

నీటితోపాటే పాలన కూడా పల్లెకు దగ్గరవుతుందన్న ఆశ పుట్టింది. 1959 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ మొదలయింది. గ్రామానికి పంచాయతీ, దానిపైన సమితి, ఆపైన జిల్లా పరిషత్తు. 1984లో వంశపారంపర్యపు కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి. మరుసటి ఏడు మే నెలలో మూడు వందల పైచిలుకు తాలూకాల స్థానే రాష్ట్రమంతటా సుమారు 1,100 మండలాలు వచ్చాయి. మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, రెంటచింతల, గురజాల, దాచేపల్లి, కారంపూడి దేనికదే మండలమయింది. గురజాల దాకా పోవలసిన పని పక్క ఊళ్ళోనే తీరింది. నా చిన్నతనంలో మా వైపు పెద్దవాళ్ళు మండలాఫీసును చాలాకాలం 'తాలూకాఫీసు' అనే పిలిచేవారు. అలవాటు అటువంటిది. కాని ఒక నిజం ఒప్పుకోవాలి: ఆ సంస్కరణ సామాన్యుడికి పొద్దస్తమానం పట్టే ప్రయాణాన్ని పూటలోకి తగ్గించింది. పేరు పోయింది, దూరం తగ్గింది. ఆ బేరంలో నష్టపోయామని నేననను.

తిరిగివచ్చిన పేరు

2022లో లోకసభ నియోజకవర్గమే కొలబద్దగా జిల్లాలు గీశారు. అందువల్ల నరసరావుపేట నియోజకవర్గంలోని ఏడు శాసనసభ స్థానాలు, ఆనాటికి 28 మండలాలు, కలిసి పల్నాడు జిల్లా అయ్యాయి. చిలకలూరిపేట, సత్తెనపల్లి, పెదకూరపాడు, వినుకొండ కూడా ఇందులోవే. గురజాలను కేంద్రం చేయాలన్న కోరిక అక్కడి నుంచి గట్టిగానే వినవచ్చింది. పేరు మాది, కచేరీ మీదా అన్నది ఆ కోరికలోని బాధ. అయినా మాచర్లవాసికి గుంటూరు కంటె నరసరావుపేట దగ్గరే. 2021లో ఎన్నికైన గుంటూరు జిల్లా పరిషత్తు మాత్రం పాత జిల్లా అంతటికీ కొనసాగింది. కలెక్టరు ఒకచోట, ప్రజలు ఎన్నుకొన్న జిల్లా సభ మరొకచోట!

నన్ను కలవరపరిచేది కేంద్రం ఎక్కడన్నది కాదు. 2021 మార్చి పురపాలక ఎన్నికల్లో మాచర్ల, పిడుగురాళ్ళ రెండు పట్టణాల్లోనూ ఒక్క వార్డులోనైనా పోటీ జరగలేదు. అన్నీ ఏకగ్రీవం. ఊరంతా ఒక్కమాట మీదికి రావడం మంచిదేనని, ఏకగ్రీవ పంచాయతీలకు ప్రభుత్వాలు నగదు ప్రోత్సాహకాలు కూడా ప్రకటించాయి. ఊరు నిజంగా కూర్చొని మాట్లాడుకొని ఒక్కరిని ఎంచుకొంటే దానికి మించినది లేదు. కాని ఒక పట్టణంలో ప్రతి వార్డులోనూ, ఒక్కచోట కూడా రెండవ మనిషి బరిలో మిగలలేదంటే, అది ఏకాభిప్రాయమని నమ్మడానికి నా మనసు ఒప్పుకోదు. పార్టీ ఏదన్నది ఇక్కడ ప్రశ్న కాదు. నేడు ఒకరు, రేపు మరొకరు. 2024 సార్వత్రిక ఎన్నికలలోనూ ఈ జిల్లా హింస కారణంగానే దేశం వార్తల్లోకి ఎక్కింది. దాని దరిమిలా ఎన్నికల సంఘం కలెక్టరును బదిలీ చేసి, పోలీసు సూపరింటెండెంటును సస్పెండు చేయించింది.

ఇటువంటివి జరిగినప్పుడల్లా పల్నాటి యుద్ధాన్ని ఉదహరించి, ఆ మట్టి గుణమే అంత అని తేల్చేయడం మనకు అలవాటైపోయింది. నేను ఒప్పుకోను. మట్టికి పౌరుషం ఉండదు. కొలువు దూరమైనప్పుడు, గోడు చెప్పుకొనే సభ లేనప్పుడు, ఉన్న సభలోకి పోటీ చేసి వెళ్ళే వీలు లేనప్పుడు, మనుషులు కర్ర పట్టుకొంటారు, లేదా నోరు మూసుకొంటారు. కర్ర పట్టుకొన్నవారిని గురించి వీరగాథలు వచ్చాయి. నోరు మూసుకొన్నవారి గురించి ఏ గాథా రాలేదు. వారే ఎక్కువమంది.

1922లో పచ్చిక మీద మాట చెప్పే సభ లేదు. ఒక శతాబ్దం గడిచేసరికి సభలు వచ్చాయి. గ్రామసభ ఉంది, వార్డు ఉంది, మండల పరిషత్తు ఉంది, 2019 అక్టోబరు నుంచి గ్రామ సచివాలయమూ ఉంది. జిల్లాకు పేరు కూడా దక్కింది. ఇక కావలసినది ఆ వార్డులో నామినేషను కాగితం పట్టుకొని నడిచివెళ్ళే రెండవ మనిషికి నిర్భయంగా తోవ ఉండడం. అది కుదిరిననాడే పల్నాడు నిజంగా పటంలోకి తిరిగివచ్చినట్టని నేను భావిస్తాను.

మీమీ తాలూకాల పేర్లు ఏమయ్యాయో, వాటి కచేరీ భవనాలలో ఇప్పుడు ఏమున్నదో తెలిసిన మిత్రులు తప్పక వ్రాయండి. ఇటువంటి సంగతులు పెద్ద చరిత్ర పుస్తకాలలోకి ఎక్కవు. మనమే వ్రాసిపెట్టుకోవాలి.