నేతగత్తె ఇంటిపేరు

మన ఉత్తరాంధ్రలో ఏ పెళ్ళికైనా వెళ్ళి చూడండి. పక్కన కూర్చున్న పెద్దావిడ మీ పేరు తరవాత అడుగుతుంది. ముందడిగేది, "మీ ఇంటిపేరేటమ్మా?" అని. చెప్పారా, ఇక తీగ లాగినట్టే. "అయితే పార్వతీపురంలో ఉన్నవాళ్ళు మీకేమవుతారు? రాజాంలో మేష్టారుగారు మీవాళ్ళేనా?" భోజనాలకి లేచే వేళకి మీరిద్దరూ ఏదో ఒక వరసకి వదినా మరదళ్ళో, పిన్నీ కూతుళ్ళో అయిపోయి ఉంటారు. పేరు ఒక్క మనిషిది. ఇంటిపేరు మాత్రం వెనకున్న తరాలన్నిటినీ వెంటబెట్టుకుని వస్తుంది.

అంతా బాగానే ఉంది గాని, ఆ ఇంటిపేరుకి అర్థమేమిటా అని ఎప్పుడైనా ఆలోచించారా? ఆలోచిస్తే ఒక్కోసారి నవ్వొస్తుంది. "ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు" అని సామెత ఉండనే ఉంది. వీరఘట్టంలో పుట్టి, గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకున్న మల్లయోధుడి ఇంటిపేరేమిటో తెలుసుగా? కోడి! కోడి రామ్మూర్తి నాయుడుగారు. వాడుక భాష కోసం పిడుగులా పోరాడిన రామమూర్తి పంతులుగారిది గిడుగువారి ఇల్లు. గిడుగంటే తాటాకు గొడుగు.

ఇంగ్లీషువాళ్ళ ఇంటిపేర్లలో చాలావాటికి ఈ చిక్కు లేదు. పేరే వృత్తిని చెప్పేస్తుంది. స్మిత్ అంటే కమ్మరి. బేకర్ అంటే రొట్టెలు కాల్చేవాడు. మిల్లర్ అంటే పిండిమర ఆడించేవాడు. టైలర్ సంగతి చెప్పనే అక్కర్లేదు, మన వీధి చివర కుట్టుమిషను దగ్గర కూర్చున్నాడు. ఇంగ్లండును 1979 నుంచి 1990 దాకా ఏలిన ప్రధానమంత్రి మార్గరెట్ థాచర్‌గారి ఇంటిపేరుకి అర్థం, ఇంటికి గడ్డి కప్పేవాడు అని. మన పల్లెల్లో అయితే "ఇల్లు నేసేవాడు" అంటాం. ఆవిడ పుట్టినప్పుడు రాబర్ట్స్. ఇల్లు నేసే పేరు అత్తవారింటినించి వచ్చిందే.

స్మిత్‌లు అన్ని లక్షలమంది ఎందుకయ్యారో చూడండి. ఇంగ్లండులో 1066కి ముందు వంశపారంపర్యంగా వచ్చే ఇంటిపేర్లు లేనట్టే. ఆ తరవాత మూడు నాలుగు వందల ఏళ్ళలో మెల్లిమెల్లిగా స్థిరపడ్డాయి. ఊళ్ళో నలుగురు జాన్‌లు ఉంటే పన్ను వసూలుకి వచ్చిన గుమాస్తా ఎవరిని ఏమని రాసుకోవాలి? 1377 నించి 1381 లోపల అక్కడ మూడుసార్లు తలపన్ను వేశారు. ఆ చిట్టాల్లో మనిషి పేరు పక్కన చాలా చోట్ల వాడి పని కూడా రాసి ఉంటుంది. ఊరూరా కమ్మరి కావాలి. ఊరికి సాధారణంగా ఒక్కడే ఉంటాడు. అంచేత "కమ్మరి జాన్" అంటే ఇక తికమక లేదు. ఆ గుర్తే కొడుక్కీ, మనమడికీ అంటుకుంది. మనమడు కొలిమి మానేసి కొట్టు పెట్టినా పేరు వదల్లేదు. అమెరికాకి వలసపోయిన జర్మనీ కమ్మర్లు ష్మిట్ మానేసి స్మిత్ అయ్యారు. బానిసత్వం నించి బయటపడిన నల్లవాళ్ళలో కూడా చాలామంది ఆ పేరే పెట్టుకున్నారు. 2010 అమెరికా జనాభా లెక్కల్లో స్మిత్‌లు 24 లక్షల 40 వేలు దాటారు. మొదటి స్థానం వాళ్ళదే. వీళ్ళలో సుత్తి పట్టినవాళ్ళెందరో ఆ పైవాడికే ఎరుక!

మరి మనకి? కొలిమి లేని ఊరు మనకి మాత్రం ఉందా? నాగలి కర్రుకీ, బండి చక్రం పట్టాకీ, మన చేతిలో కత్తిపీటకీ కమ్మరే గతి. అయినా మన ఇళ్ళ పేర్లలో ఆయన పెద్దగా కనిపించడు. మన ఇంటిపేర్లు ఎక్కువగా ఊళ్ళ పేర్లు. గురజాడ అప్పారావుగారి ఇంటిపేరు కృష్ణా జిల్లాలో ఒక ఊరు. విజయనగరం ప్రభువులు పూసపాటివారు కూడా ఆ వైపునించి పూసపాడు పేరు మోసుకుని వచ్చినవాళ్ళే. 1713లో విజయనగరం కోట కట్టి, ఊరికి కొత్త పేరు పెట్టుకున్నా, తమ ఇంటికి మాత్రం పాత ఊరి పేరు ఉంచుకున్నారు. బొడ్డేపల్లి, వావిలపల్లి లాంటి పేర్లు వింటే పల్లె కళ్ళకి కడుతుంది.

దీనికి కారణం ఆలోచిస్తే తెలుస్తుంది. మనకి వృత్తి కులంతో కలిసిపోయింది. సంబంధాలు కలుపుకునేది కులంలోనే. అక్కడ ఇంటిపేరు చెయ్యాల్సిన పని, ఒక ఇంటినించి ఇంకో ఇంటిని విడదీసి చూపించడం. ఒకటే ఇంటిపేరైతే అన్నదమ్ముల పిల్లలు, పెళ్ళి కుదరదు. అందరూ కమ్మర్లే అయినచోట "కమ్మరివారు" అంటే ఏ కమ్మరివారని తెలుస్తుంది? పప్పులో ఉప్పుందని చెప్పినట్టు ఉంటుంది. అంచేత ఎక్కడినించి వచ్చారో ఆ ఊరి పేరు అక్కరకొచ్చింది.

అలాగని వృత్తి పేర్లు మనకి అసలు లేవనుకోకండి. జోస్యులవారి పెద్దలు జ్యోతిష్యం చెప్పినవాళ్ళు. పురాణపండవారు పురాణం చెప్పిన పండితులు. భాగవతులవారిది భాగవతం. మంత్రిప్రగడవారి పేరులోనే మంత్రిగారు కొలువుదీరి ఉన్నారు. కరణంవారి సంగతి సరేసరి. ఇక శ్రీకాకుళం జిల్లా చాలాభాగం 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లాలోనిదే గదా! అందుకని పట్నాయక్, మహంతి లాంటి ఒడియా పేర్లు మనకి పరాయివి కావు. అవీ లెక్కలూ పత్రాలూ రాసే కొలువులనించి వచ్చినవే.

ఒక్కసారి ఈ వరసంతా మళ్ళీ చూడండి. ఘంటం పట్టిన చేతికీ, పోతన పద్యం పాడిన గొంతుకీ, కచేరీలో కూర్చున్న కొలువుకీ ఇంటిపేరు దక్కింది. సుత్తి పట్టిన చేతికీ, సారె తిప్పిన చేతికీ, మగ్గం గుంటలో ఆడిన కాలికీ చాలావరకు దక్కలేదు. తెలంగాణాలో చేతివృత్తి పేరు మనిషి పేరు ముందు నిలిచిన సందర్భాలున్నాయి. పాలకుర్తిలో భూమికోసం దొరని ఎదిరించిన ఐలమ్మ పేరు మీరు వినే ఉంటారు. ఆవిడ ఇంటిపేరు చిట్యాల. దేశమంతా ఎరిగినది మాత్రం చాకలి ఐలమ్మగానే. లోకులు పిలిచిన పిలుపు అది. దాన్నే ఆవిడ గౌరవంగా మార్చేసింది.

ఇంతకీ ఈ ఇంగ్లీషు ఇంటిపేర్లు మన గడపలోకీ వచ్చాయి. 1907 ప్రాంతంలో మన ఉత్తర జిల్లాలకి బళ్ళ తనిఖీ అధికారిగా యేట్స్ అనే దొర ఉండేవాడు. మీ బడి పుస్తకాల్లో భాష ఒకటి, మీరు మాట్లాడే భాష ఇంకొకటి, ఇదేమిటని అడిగినవాడు ఆయనే. ఆ ప్రశ్న గిడుగువారినీ, గురజాడవారినీ కదిలించింది. ఇవాళ నేను ఇలా మాట్లాడినట్టే రాస్తున్నానంటే దాని వెనక ఆ కథంతా ఉంది. యేట్స్ అంటే అర్థం తెలుసా? గేటు దగ్గర ఉండేవాడు, గేటు కాచేవాడు అని. విజయనగరం సంగీత కళాశాలలో 1919 నించి వాయులీనం నేర్పి, తరవాత అక్కడే ప్రిన్సిపాలయిన మహావిద్వాంసుడి ఇంటిపేరు ద్వారం. ఈ రెండు పేర్లకీ చుట్టరికం ఏమీ లేదు లెండి. కాని ఒకరు భాషకి తలుపు తట్టారు, ఒకరు సంగీతానికి తలుపు తీశారు.

ఇప్పుడు అసలు పేరుకి వస్తాను. వెబ్‌స్టర్. పిల్లల చదువుల బల్ల మీద లావుపాటి నిఘంటువుగా మనకి బాగా తెలిసిన పేరే. పాత ఇంగ్లీషులో నేత పనికి సంబంధించిన మాట "వెబ్". నేసే మగవాడు వెబ్బర్, వెబ్. చివర "స్టర్" తగిలిస్తే, మొదట్లో, ఆడమనిషి అని అర్థం. మనం పాటగత్తె, వేటగత్తె అంటాం చూడండి, ఆ "గత్తె" లాంటిదే ఈ "స్టర్". వెబ్‌స్టర్ అంటే నేతగత్తె! బాక్స్‌టర్ అంటే రొట్టెలు కాల్చే ఆవిడ. బ్రూస్టర్ అంటే సారా కాదు గాని, బార్లీతో ఇంటి పానీయం కాచే ఆవిడ. సాంగ్‌స్టర్ అంటే పాటగత్తె. రానురాను ఉత్తర ఇంగ్లండులోనూ, స్కాట్లండులోనూ మగ నేతగాళ్ళని కూడా వెబ్‌స్టర్ అనడం అలవాటయింది. దక్షిణాన వెబ్‌లు, ఉత్తరాన వెబ్‌స్టర్‌లు మిగిలారు.

నిఘంటువు రాసిన నోవా వెబ్‌స్టర్ 1758లో అమెరికాలో పుట్టాడు. తండ్రి వ్యవసాయం చేసేవాడు, బట్టా నేసేవాడు. పేరుకి తగ్గ పనే. కొడుకు నూలు మానేసి మాటలు పేర్చాడు. 1828లో 70 వేల మాటలతో పెద్ద నిఘంటువు అచ్చువేయించాడు. తన పేరు చివరి రెండక్షరాల్లో ఒకప్పటి ఆడవాళ్ళ కష్టం దాగి ఉంది.

ఈ "స్టర్" కుటుంబంలో ఒక్క మాటకి మాత్రం పాపం వేరే గతి పట్టింది. స్పిన్‌స్టర్. నూలు వడికే ఆవిడ అని దాని తొలి అర్థం. పెళ్ళికాని ఆడపిల్లలు వడికి బతకడం మామూలై, 17వ శతాబ్దం నాటికి ఆ మాట కాగితాల్లో "అవివాహిత"కి గుర్తయి కూర్చుంది. తరవాత్తరవాత వేళాకోళం కూడా అయింది. ఇంగ్లండులో పెళ్ళి రిజిస్టర్లలోంచి దాన్ని తీసేసింది 2005లో. రొట్టె కాల్చిన ఆవిడా, బట్ట నేసిన ఆవిడా ఇంటిపేర్లయి మగవాళ్ళకి అలంకారమయ్యారు. నూలు వడికిన ఆవిడ మాత్రం, పెళ్ళికాలేదన్న నిందయి మిగిలింది.

స్పిన్‌స్టర్‌ని అసలు అర్థంలో చూడాలనుకుంటే దూరం వెళ్ళక్కర్లేదు. శ్రీకాకుళానికి దగ్గరలోనే పొందూరుంది. పొందూరు ఖద్దరు మీకు కొత్త కాదు. పెళ్ళిలో మామగారికి పంచెల చాపు పెడితే పొంగిపోతారు. అంత సన్నదనం ఎక్కడినించి వస్తుందనుకున్నారు? ముందుగా పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. సూదుల్లాంటి ఆ సన్నటి పళ్ళకి పత్తిలో చెత్తంతా చిక్కి బయటికొస్తుంది. గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, అవి నలగకుండా అరటి దొప్పలో పెట్టుకుని, రాట్నం ముందు కూర్చుంటారు. 100 నంబరు నూలు తీస్తారు చేత్తో! ఈ పనులు చేసేది ఆడవాళ్ళే. మగ్గం ఎక్కువగా మగవాళ్ళది. 1920ల మొదట్లో గాంధీగారు తన కొడుకు దేవదాసుని పంపించి మరీ ఈ పనిని చూసి రమ్మన్నారు. ఆ నూలు తీసిన అమ్మల పేర్లు మనకెవరికైనా తెలుసా? పంచె అంచు మీద ఎవరి పేరూ ఉండదు. వాళ్ళ మనమడు ఏ ఉద్యోగంలో చేరినా, ఆ రాట్నం గుర్తు అతని ఇంటిపేరులో ఉండదు.

అసలు మన ఆడవాళ్ళ ఇంటిపేరే ఒక వింత. మనకి రెండుసార్లు ఇంటిపేరు వస్తుంది, రెండుసార్లూ మనల్ని అడక్కుండానే. పెళ్ళయితే మార్చుకోవాలని చట్టమేమీ లేదు. అయినా శుభలేఖ అచ్చయిన నాటినించే పుట్టింటి పేరు పెట్టెలోకి పోతుంది. మళ్ళీ బయటికొచ్చేది బ్యాంకులోనో, పాస్‌పోర్టు ఆఫీసులోనో, "సర్టిఫికెట్‌లో ఒకటుంది, ఇక్కడొకటుంది, ఏమిటమ్మా?" అని నిలదీసినప్పుడే. ఇక మన చేతిపనికి, అంటే ఊరగాయకో, ముగ్గుకో, కుట్టుకో, పురుడు పోసిన చేతికో, ఏ తరంలోనూ ఇంటిపేరు రాలేదు. వచ్చి ఉంటే ఆవకాయవారు, అప్పడాలవారు ఊరికొకరుండేవారు. స్మిత్‌లని మించిపోయేవాళ్ళం!

ఇప్పుడు కొత్తగా ఇంటిపేర్లు కనిపెట్టలేం. ఒక పని మాత్రం చెయ్యగలం. మీ ఇంట్లో గోడకి అమ్మమ్మదో, నాయనమ్మదో పాత ఫొటో ఉంటుంది. ఈసారి దుమ్ము దులిపినప్పుడు దాన్ని వెనక్కి తిప్పండి. ఆవిడ పేరు రాయండి. పక్కన పుట్టింటి ఇంటిపేరు రాయండి. తెలియకపోతే పెద్దవాళ్ళున్నప్పుడే అడిగి రాయండి. దాని కింద, ఆవిడ చేతికి వచ్చిన పనేదో ఒక్క మాటలో రాసిపెట్టండి. పెళ్ళిలో ఎవరో పెద్దావిడ మీ మనమరాల్ని "మీ ఇంటిపేరేటమ్మా?" అని అడిగే రోజుకి, ఆ పిల్లకి చెప్పుకోవడానికి ఇంకో రెండు మాటలుంటాయి.