సూది మందు - సామాన్యుడు: ప్లేగు నుంచి కరోనా దాకా

1962, 1965, 1971, 1999 అనగానే మన సైనికులకు ఒక్కో యుద్ధం కళ్ళముందు మెదులుతుంది. ఏ యూనిట్ ఎక్కడ ఉందో, ఎవరికి ఏ చక్రం వచ్చిందో గడగడా చెప్తాం. కానీ 1897, 1918, 1974, 2020 కూడా యుద్ధ సంవత్సరాలే. ఆ యుద్ధాల్లో శత్రువు కంటికి కనపడడు. అతని ధాటికి ఎక్కువగా నష్టపోయింది రోజు కూలి మీద బతికే సామాన్యుడు. ఆ చరిత్రలో మన యూనిఫాం పాత్ర కూడా ఉంది కాబట్టి నాకు తెలిసినంతలో నాలుగు మాటలు రాస్తున్నాను.

బూట్లతో వచ్చిన వైద్యం

1896లో బొంబాయిలో ప్లేగు మొదలైంది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. పూనాలో రాండ్ అనే అధికారి కింద తెల్ల సోల్జర్లను పెట్టి ఇల్లిల్లూ సోదా చేయించారు. వంటిళ్ళలోకి, దేవుడి గదుల్లోకి చొరబడ్డారు. ఆడవాళ్ళని కూడా వదలకుండా పరీక్షలన్నారు. దాంతో జనం ఏం చేశారు? రోగులను దాచిపెట్టారు. 1897 జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు రాండ్ మీద కాల్పులు జరిపారు. కొద్ది రోజులకి అతను చనిపోయాడు.

అదే 1897 జనవరిలో బొంబాయిలో హాఫ్కిన్ అనే శాస్త్రవేత్త ప్లేగు టీకా తయారుచేసి, ముందు తన ఒంటి మీదే వేసుకుని చూశాడు. ఆ తర్వాతే మిగతా వాళ్ళకి. ఒకే ఏడు, ఒకే జబ్బు, రెండు పద్ధతులు. ఒకాయన హుకుం చేశాడు, ఒకాయన తాను ముందు నిలబడ్డాడు. ఏది మేలో వేరే చెప్పక్కర్లేదు.

1918 - సిపాయిలతో పాటు వచ్చిన జ్వరం

మొదటి ప్రపంచ యుద్ధంలో సుమారు 74 వేల మంది భారతీయ సైనికులు చనిపోయారు. ఢిల్లీలో ఇండియా గేటు కట్టింది అలాంటి వాళ్ళ జ్ఞాపకార్థమే. కానీ ఆ యుద్ధం ఆఖర్లో, 1918 వేసవిలో, ఓడల మీద బొంబాయి చేరిన ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. బొంబాయి రేవు నుంచి రైళ్ళలో ఇళ్ళకి వెళ్ళిన మనుషులతో పాటే జ్వరమూ వెళ్ళింది. 1921 జనాభా లెక్కల్లో దేశ జనాభా పెరగాల్సింది పోయి తగ్గింది. అప్పుడు టీకా లేదు, మందు లేదు. ఆ చనిపోయిన వాళ్ళకి ఎక్కడా గేటు లేదు, రాతి మీద పేరు లేదు.

మన జబ్బ మీది మచ్చ

నా వయసు వాళ్ళు జబ్బ మీద చూసుకుంటే గుండ్రటి మచ్చ కనిపిస్తుంది. అది మశూచి టీకా మచ్చ. మా అమ్మమ్మ కాలంలో దాన్ని జబ్బు అనేవారు కాదు, అమ్మవారు పోసింది అనేవారు. వేపాకు మండలు కట్టి ఊరుకునేవారు. 1974లో కూడా మన దేశంలో 1 లక్షా 88 వేల మశూచి కేసులు వచ్చాయి, 31 వేల మందికి పైగా చనిపోయారు. అలాంటిది ఒక్క ఏడాదిలో, 1975 మే నెలకి, దేశంలో ఆఖరి కేసు దగ్గరికి వచ్చేశాం. ఎలాగంటే, ఆరోగ్య కార్యకర్తలు లక్షల ఇళ్ళు తిరిగారు. రోగి దొరికిన చోట చుట్టుపక్కల అందరికీ టీకా వేశారు. మన భాషలో కార్డన్ అండ్ సెర్చ్ అన్నమాట. కాకపోతే చేతిలో తుపాకీ లేదు, రెండు మొనల సూది ఉంది.

2020 - ఆగిపోయిన బతుకు

2020 జనవరి 30న కేరళలో మొదటి కరోనా కేసు బయటపడింది. ఊహాన్ నుంచి తెచ్చిన విద్యార్థులను మానేసర్‌లో ఆర్మీయే క్వారంటైన్‌లో పెట్టి చూసుకుంది. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. రాష్ట్రాలు మళ్ళీ అదే 1897 చట్టం బయటికి తీశాయి.

పింఛను వచ్చే నాలాంటి వాడికి లాక్‌డౌన్ అంటే ఇంట్లో కూర్చోవడం. కూలివాడికి అలా కాదు. మా శ్రీకాకుళం జిల్లా నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కి చేపల వేటకి వెళ్ళిన మత్స్యకారులు వేలమంది పడవల్లోనే ఇరుక్కుపోయారు. నెల దాటాక గాని బస్సుల్లో ఇళ్ళకి చేరలేదు. వలస కూలీల కోసం మొదటి శ్రామిక్ రైలు 2020 మే 1న బయల్దేరింది మన హైదరాబాదు పక్కనున్న లింగంపల్లి నుంచే, జార్ఖండ్‌లోని హటియాకి. ఆ రైళ్ళలో మొత్తం 60 లక్షల మందికి పైగా సొంతూళ్ళకి వెళ్ళారు. అంతకుముందే నడిచి పోయిన వాళ్ళ లెక్క వేరు.

టీకా వచ్చింది, కానీ...

2021 జనవరి 16న టీకాలు మొదలయ్యాయి. ఒకటి పూనాలో తయారైన కోవిషీల్డ్, ఒకటి హైదరాబాదులో తయారైన కోవాక్సిన్. ముందు వైద్య సిబ్బంది, ఫిబ్రవరిలో పోలీసులు, సైన్యం లాంటి ముందువరుస వాళ్ళు, మార్చిలో 60 దాటిన వాళ్ళు, ఏప్రిల్ నుంచి 45 దాటిన వాళ్ళు, మేలో 18 దాటిన వాళ్ళు. వరుస బాగానే ఉంది. కానీ 18 దాటిన వాళ్ళకి మొదట కంప్యూటర్లోనో ఫోన్లోనో పేరు కట్టుకోవాలన్నారు. ఫోను లేనివాడి సంగతేంటి? మే నెలాఖర్లో గాని ప్రభుత్వ కేంద్రాల్లో నేరుగా పేరు రాసుకోవడం మొదలు కాలేదు. జూన్ 21 నుంచి పెద్దవాళ్ళందరికీ కేంద్రమే ఉచితంగా ఇచ్చింది.

నేను 28 ఏళ్ళ సర్వీసు చేసి 2017లో సుబేదారుగా రిటైరై ఊళ్ళోనే ఉంటున్నాను. ఏప్రిల్లో మా ఊరి ఎ.ఎన్.ఎం. అమ్మాయి వచ్చి, "బాబాయ్, జనం రావట్లేదు, మీరొకసారి చెప్పండి" అంది. ట్రైనింగ్ సెంటర్లో మనల్ని ఎవరైనా అడిగారా? లైన్లో నిలబెట్టి టైఫాయిడ్ సూది పొడిచారు, జ్వరం వచ్చినా పడుకున్నాం, జీతం ఆగలేదు. ఊళ్ళో ఆ లెక్క కుదరదు. ఒక కూలామె నా మొహం మీదే అంది: "సూది వేస్తే రెండ్రోజులు జ్వరమంట గదా. ఆ రెండ్రోజుల కూలి నువ్విస్తావా బాబూ?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. పేపర్లలో మాత్రం పల్లె జనానికి మూఢనమ్మకం అని రాశారు. అది మూఢనమ్మకం కాదు, లెక్క. ఎ.ఎన్.ఎం., ఆశా కార్యకర్తలు కలిసి ఒక ఉపాయం చేశారు. పొలం పని ముగిశాక సాయంత్రం పూట టీకా పెట్టారు. ఒకే ఇంట్లో అందరికీ ఒకసారి వెయ్యకుండా, ముందు మొగుడికి, మూడ్రోజులాగి పెళ్ళానికి వేశారు. పొయ్యి ఆరలేదు, కూలి పూర్తిగా పోలేదు. ఆ కూలామె కూడా వచ్చి వేయించుకుంది.

మన వాళ్ళ సేవ

అదే ఏప్రిల్, మే నెలల్లో రెండో విడత విరుచుకుపడింది. ఆక్సిజన్ లేక మనుషులు పోయారు. మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ నిండింది విశాఖ స్టీల్ ప్లాంటులో. ఏప్రిల్ 22న ఏడు ట్యాంకర్లతో మహారాష్ట్రకి బయల్దేరింది. నింపిన ట్యాంకర్లను విమానంలో తీసుకెళ్ళడం ప్రమాదం కాబట్టి వాయుసేన ఖాళీ ట్యాంకర్లను మోసి రోజుల ప్రయాణం గంటల్లో ముగించింది. బేగంపేట నుంచి భువనేశ్వర్‌కి అలాగే వెళ్ళాయి. నేవీ విదేశాల నుంచి ఆక్సిజన్ తెస్తే, ఐ.ఎన్.ఎస్. జలాశ్వ విశాఖలోనే దించింది. ఢిల్లీ కంటోన్మెంట్‌లో డి.ఆర్.డి.ఓ. కట్టిన ఆసుపత్రిని మన ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ సర్వీసెస్ డాక్టర్లు, నర్సులు నడిపారు. 2021 మార్చిలో మన ఆర్మీ నేపాల్ ఆర్మీకి లక్ష డోసులు ఇచ్చింది. పూనాలో యూనిఫాం చూసి తలుపులేసుకున్న కాలానికీ దీనికీ ఎంత తేడా!

2021 అక్టోబరు 21కి 100 కోట్లు, 2022 జులై 17కి 200 కోట్ల డోసులు పూర్తయ్యాయి. అయినా ప్రభుత్వ లెక్క ప్రకారమే 5 లక్షల 30 వేల మందికి పైగా పోయారు. వాళ్ళలో మన యూనిట్ల వాళ్ళూ, మన ఇళ్ళ వాళ్ళూ ఉన్నారు.

నాకు తోచింది ఒక్కటే. టీకా కనిపెట్టడం శాస్త్రవేత్త పని. సమయానికి చేర్చడం ప్రభుత్వం పని. దాన్ని జబ్బ దాకా తీసుకెళ్ళేది మాత్రం నమ్మకం. ఊళ్ళో మాజీ సైనికుడి మాటకి ఇంకా విలువ ఉంది. రేపు మరో జబ్బు వచ్చినప్పుడు మన మాట హుకుంలా ఉండకూడదు. ముందు మన జబ్బ చూపించాలి, తర్వాత ఎదుటివాడి కూలి గురించి అడగాలి. సర్వీసు అయిపోయినా ఆ డ్యూటీ మాత్రం మిగిలే ఉంది.

జై హింద్.